ఉబ్బిన బ్యాటరీ

కిందటి వారం రోజారాణి స్టూడియో తాళంచెవిని ప్రేమ్‌సాగర్ బల్ల మీద పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా మెట్లు దిగి వచ్చేసింది. మూడేళ్ళు అతని దగ్గర పెళ్ళి ఆల్బంలు డిజైన్ చేసిన పిల్ల. "ఆడపిల్లవు, కంప్యూటర్ ముంగట కూసోక కెమెరా ఎందుకు నీకు?" అని అతను అన్న ఒక్క మాటకి ఉన్న ఒక్క ఉద్యోగాన్నీ వదులుకుంది. దాచుకున్నదాంట్లో చాలావరకు ఊడ్చి ఖమ్మంలో వీరన్న షాపులో ఒక పాత కెమెరా కొంది. కొన్న మూడోరోజే చర్ల అవతలి ఊరి నుంచి సువర్ణ ఫోన్ చేసింది. భద్రాచలం డిగ్రీ కాలేజీలో ఇద్దరిదీ ఒకే బెంచీ.

"బేస్తవారం నా పెళ్ళి. పిల్లగాని ఊర్ల చేస్తరు. ఆళ్ళు ఫొటోగ్రాఫర్‌ని మాట్లాడుకున్నరంట. ఆయన డోళ్ళు తీస్తడు, డాన్సులు తీస్తడు. మా అమ్మను తియ్యడు. నేను మా గడప దాటేదాంక నువ్వే తియ్యాలె రోజా."

గురువారానికి ముందే వచ్చి తీస్తానంది రోజారాణి. చేతిలో కెమెరా ఉంది. కెమెరా తప్ప ఇంకేమీ లేదు.

కావలసిన సామాను కొనడానికి మళ్ళీ ఖమ్మం వెళ్దామని సోమవారం పొద్దున మణుగూరు బస్టాండుకు వెళ్ళేసరికి అక్కడ తండ్రి వెంకటనారాయణ ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. ఉద్యోగం మానేసిన రోజు నుంచి ఆయన కూతురితో మాట్లాడలేదు. ఎనిమిది రోజులుగా అన్నం కావాలన్నా, నీళ్ళు కావాలన్నా భార్య భారతమ్మతోనే చెప్పిస్తున్నాడు.

"ఖమ్మంల నాకూ పనుంది," అన్నాడు బస్సును చూస్తూ.

ఏం పనో చెప్పలేదు. ఆమె అడగలేదు. కొత్తగూడెంలో బస్సు ఆగినప్పుడు పల్లీల పొట్లం కొనుక్కొచ్చి, ఇద్దరి మధ్య సీటు మీద పెట్టాడు. తినమని మాత్రం అనలేదు. రోజారాణి నాలుగు పలుకులు తీసుకుంది. ఖమ్మం వచ్చేసరికి పొట్లం ఖాళీ అయింది, మాటలు మాత్రం మొదలవలేదు.

వీరన్న షాపు బస్టాండు వెనక సందులో మొదటి అంతస్తు. పాత కెమెరాలు బాగుచేస్తాడు, అమ్ముతాడు, కొనేవాళ్ళతో గంటలకొద్దీ ముచ్చట పెడతాడు. రోజారాణిని చూడగానే స్టూలు జరిపాడు. వెనకాల వచ్చిన పెద్దమనిషిని చూసి ఇంకో స్టూలు జరిపాడు. తనకు ఖమ్మంలో వేరే పనేమీ లేదని వెంకటనారాయణ ఆ స్టూలు మీద కూర్చున్నాకగాని తేలలేదు.

"అన్నా, నాలుగున్నర వేలే ఉన్నయి. ఫస్ట్ ఏం కొనాలె?" అంది రోజారాణి.

కెమెరా కొంటే ఖర్చు అయిపోయిందనుకునేది ఎప్పుడూ కెమెరా కొననివాళ్ళే. వీరన్న గాజుబల్ల మీద ఒక్కొక్కటీ పరవడం మొదలుపెట్టాడు. పసుపుపచ్చ అక్షరాలతో కంపెనీ పేరున్న నల్ల బ్యాగు. మూడుకాళ్ళ స్టాండు. లెన్స్ మీద బిగించే అద్దం. ఆఖరున, మెత్తటి గుడ్డలో చుట్టిన ఒక పాత ఫ్లాష్. దాన్ని చూడగానే రోజారాణి మొహం వెలిగింది. ప్రేమ్‌సాగర్ దగ్గర ఉన్నది సరిగ్గా అదే రకం. మూడేళ్ళలో ఒక్కసారి కూడా దాన్ని ముట్టుకోనివ్వలేదు అతను.

"మూడు వేల రెండొందలు. నీకని మూడు వేలు చెల్లె. ఫ్లాష్ లేకుంటే నిన్ను ఫొటోగ్రాఫర్ అని ఎవరు నమ్ముతరు?"

"ఇదే తీసుకుంటా," అంది.

"తీసుకోదు," అన్నాడు వెంకటనారాయణ.

ఎనిమిది రోజుల తర్వాత తండ్రి నోటి నుంచి తన గురించి వచ్చిన మొదటి మాట అదే. రోజారాణికి ఒళ్ళు మండింది.

"నాయినా, నీకు తెల్వదు. ఆళ్ళ ఇండ్లల్ల చీకటుంటది. ఫ్లాష్ లేకుంటే మొకాలు పడయి."

"ఆ ఊర్ల కరెంటున్నదా?"

"పోయిన వారం గాలిదుమారానికి స్తంభాలు పడ్డయంట."

"ఎన్ని దినాలుంటవు?"

"రెండు."

"ఇగ మరి? నీ డబ్బా ఎట్ల నడుస్తది? అందుల ఏమున్నదో తియ్యి."

అందరి ముందూ డబ్బా అన్నందుకు ఆమెకు ఇంకా కోపం వచ్చింది. అయినా కెమెరా అడుగున మూత తెరిచి బ్యాటరీ తీసి ఇచ్చింది. కెమెరాతోపాటు వచ్చింది అదొక్కటే. వెంకటనారాయణ దాన్ని అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు. వేలితో దాని వీపు నిమిరాడు. తర్వాత గాజుబల్ల మీద పడుకోబెట్టి, ఒక మూల పట్టి వేలితో తట్టాడు. బ్యాటరీ గిర్రున తిరిగింది. మూడు చుట్లు తిరిగి ఆగింది.

"సూసినవా? మంచి సెల్లు బల్లకు అంటుకొని ఉంటది, తిరుగదు. ఇది నడుమ ఉబ్బింది. పారెయ్యి దీన్ని. ఉబ్బిన సెల్లు లోపటికి పోతది గని, బయటికి రాదు."

వీరన్న నోరు తెరిచి చూశాడు. "కాకా, నువ్వేం పని చేస్తవు?"

"లాంప్‌రూం," అన్నాడు వెంకటనారాయణ. ఇంకేం చెప్పాల్సిన అవసరం లేదన్నట్టు చెప్పాడు.

బొగ్గు గనిలోకి దిగే ప్రతి మనిషీ ముందు లాంప్‌రూం కిటికీ దగ్గరికి వస్తాడు. తన నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇచ్చి, తన నంబరు దీపం తీసుకుని టోపీకి తగిలించుకుంటాడు, దాని బ్యాటరీని నడుముకు కట్టుకుంటాడు. పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు. కొక్కేనికి బిళ్ళ ఇంకా వేలాడుతోందంటే మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. ముప్పై నాలుగేళ్ళుగా వెంకటనారాయణ చేసిన పని ఆ బ్యాటరీలకు చార్జింగ్ పెట్టడం, నీళ్ళు పోయడం, తుడవడం. ఇప్పుడు చిన్న చిన్న కొత్తరకం దీపాలు వచ్చాయి గానీ, ఆయన చేతులకు పాత అలవాట్లు ఏవీ పోలేదు.

"అది గని నాయినా, ఇది పెళ్ళి," అంది రోజారాణి. "నువ్వు ఇయ్యాల్టిదాంక ఉద్యోగం పోయిందనే సూసినవు. నా కెమెరా ఒక్కసారన్న చేతుల పట్టుకోలే. ఇప్పుడొచ్చి ఏం కొనాల్నో చెప్తున్నవు."

వీరన్న ఫ్లాష్‌ను మళ్ళీ గుడ్డలో చుట్టసాగాడు. ఇలాంటి సమయంలో చేతికి ఏదో ఒక పని ఉండటం మంచిదని అతనికి తెలుసు.

వెంకటనారాయణ ఉబ్బిన బ్యాటరీని బల్ల మీద అటూ ఇటూ జరిపాడు.

"హాతీరాం అని ఉండె," అన్నాడు చివరికి. "నువ్వు పుట్టకముందటి ముచ్చట. ఆయన దీపం సెల్లు గిట్లనే జర ఉబ్బింది. నేను సూసిన. సూసి గూడ, ఒక్క షిఫ్ట్ నడుస్తది పో అన్న. స్పేర్ ఇంకోటుండె. తీస్తానికి బద్ధకమైంది. గంతే. లోపట గాలిని మళ్ళించే తలుపు దగ్గర ఒక్కడే ఉన్నడు, దీపం ఆరింది. నాలుగు గంటలు చీకట్ల కూసున్నడు, బొగ్గుబండ్ల పట్టా మీద చెయ్యి పెట్టుకొని. ఏం కాలే. పైకొచ్చిండు. తెల్లారి కిటికీ కాడికి వచ్చి బిళ్ళ ఇచ్చిండు. నన్ను ఒక్క మాట అనలే."

బ్యాటరీని వేలితో పక్కకు నెట్టాడు.

"అంటే బాగుండు. అనలే. అప్పటిసంది ఉబ్బిన సెల్లు నా చేతిల నుంచి బయటికి పోలే."

ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. భారతమ్మకూ తెలియదు. రోజారాణికి అంతదాకా ఉన్న కోపం ఎటు పోయిందో తెలియలేదు. దాని బదులు సిగ్గు వచ్చింది. ఎనిమిది రోజులుగా తండ్రి అలిగాడనుకుంది. ఆయన భయపడ్డాడు, అంతే. తన కూతురు చేతిలో ఏ దీపంతో దిగుతోందో ఆయనకు అర్థం కాలేదు.

"అన్నా, బ్యాటరీలు రెండు చూపియ్యి," అంది.

వీరన్న చూపించాడు. కెమెరా కంపెనీవి కావు, దానికి సరిపోయే వేరే రకం. వెంకటనారాయణ రెండింటినీ బల్ల మీద తిప్పి చూశాడు, వెనక్కి తిప్పి తేదీ చదివాడు, ఒకదాన్ని పక్కకు నెట్టాడు. "ఇది రెండేండ్ల కిందిది. ఇంకోటియ్యి." వీరన్న లోపలికి వెళ్ళి ఇంకోటి తెచ్చాడు. జీవితంలో మొదటిసారి ఒక కొనుగోలుదారుడికి భయపడుతున్నట్టు కనిపించాడు.

"మెమరీ కార్డు? నూట ఇరవై ఎనిమిది జీబీది ఉంది."

"వద్దన్నా. పెద్దది ఒకటి కాదు, చిన్నవి రెండియ్యి," అంది రోజారాణి. ఈసారి తండ్రి ఆమె వైపు చూశాడు. "స్టూడియోల ఒకపారి కార్డు ఖరాబై పెండ్లి మొత్తం పోయింది నాయినా. నేను తీసిన పెండ్లి కాదు, నా తప్పూ కాదు. గని ఆళ్ళ ఇంటికి పోయి చెప్పింది నేనే."

వెంకటనారాయణ తలూపాడు. ఆమె మాటకు ఆయన తలూపడం చాలా రోజుల తర్వాత ఇదే.

దుమ్ము ఊదే రబ్బరు బుడ్డి ఒకటి, లెన్స్ తుడిచే గుడ్డ ఒకటి తీసుకున్నారు. బ్యాగు దగ్గర మళ్ళీ ఆగారు. పసుపుపచ్చ అక్షరాలు చూసి, "గిది దొంగ గూడ సదువుకుంటడు," అన్నాడు వెంకటనారాయణ. కాలేజీ బ్యాగులో తువ్వాల చుట్టి పెట్టుకుంటే సరిపోతుందని తేల్చారు. వాన కవరు బదులు పాలిథిన్ సంచి. ఫ్లాష్ వైపు రోజారాణి మళ్ళీ ఒకసారి చూసింది. ఆశ చంపుకోవడం అంత తేలిక కాదు. అది చూసి వీరన్న నవ్వాడు.

"చెల్లె, ఫ్లాష్ నేను ఎవరికీ అమ్మను, నీ పేరు మీద పెడ్త. పెళ్ళికూతుర్ని లోపట తియ్యకు. గడప కాడికి పిలువు. తలుపు కన్న పెద్ద లైటు ఏ కంపెనీ ఇంకా చెయ్యలే."

"ఆ ఉబ్బిన బ్యాటరీ ఇట్లియ్యి, నా చెత్త డబ్బాల వేస్త," అని కూడా అన్నాడు వీరన్న.

"మా ఇంటికాడ పడేస్త," అంది రోజారాణి. డబ్బు పెట్టి కొన్న కెమెరాలో వచ్చిన వస్తువు. నూటయాభై ఫొటోలదాకా ఇస్తోంది కూడా. పారేయడానికి చేయి రాలేదు. తండ్రి చూడకుండా బ్యాగు అడుగున వేసుకుంది.

మంగళవారం రెండు బ్యాటరీలకూ చార్జింగ్ పెట్టి, కెమెరాలో పెట్టి చూసుకుంది. రెండూ చక్కగా పనిచేశాయి. బుధవారం పొద్దున ఆమె స్నానం చేసి వచ్చేసరికి వెంకటనారాయణ వాకిట్లో కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో ఆయన పాత దీపం బెల్టు. దానికి రెండు తోలు సంచులు కొత్తగా కుట్టాడు. ఎడమ సంచి మీద తెల్ల రంగుతో 'నిండు', కుడి సంచి మీద 'ఖాళీ' అని రాశాడు. బ్యాటరీల మీద ఒకటి, రెండు అని అంకెలు వేశాడు.

"ఒకటో నంబరు కెమెరాల పెట్టిన. రెండోది ఎడమ దిక్కున్నది. అయిపోయినంక కుడి దిక్కు ఎయ్యి. ఊకె తీసి సూడకు, అన్నీ సాఫ్ చేసి పెట్టిన."

రోజారాణి బెల్టు నడుముకు కట్టుకుంది. మూడేళ్ళు స్టూడియోలో పనిచేసినా తనను ఫొటోగ్రాఫర్ అని ఎవరూ అనలేదు. ఆ బెల్టు కట్టుకున్నాక తనకే అలా అనిపించింది. ఆ మాట తండ్రితో అనలేక, "పోయొస్త నాయినా," అంది.

చర్ల దాటాక రోడ్డు రోడ్డులా లేదు. జీపులో మనుషులు నిండిపోయారు. బ్యాగులన్నీ పైన కట్టారు. కెమెరాను మాత్రం ఒళ్ళో పెట్టుకుంది, బ్యాగు మూడు గంటలు ఎండలో కాలింది. సువర్ణ ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. కరెంటు లేని ఊళ్ళో ఒక్క ఫొటో కూడా వృథా చేయకూడదని ఆ సాయంత్రం కెమెరా ఆన్ చేయనేలేదు.

గురువారం ఎనిమిది గంటలకు పెళ్ళికొడుకు తరఫువాళ్ళు సువర్ణను తీసుకెళ్ళడానికి వచ్చారు. వాకిట్లో డోళ్ళు మోగాయి. సువర్ణ ముస్తాబై గడప లోపల నిలబడింది. వాళ్ళ ఇంటి ఆచారం ప్రకారం కూతురు గడప దాటే ముందు తల్లి ఆమె కాళ్ళు కడగాలి. తల్లి రాగి చెంబుతో నీళ్ళు తెచ్చింది. వీరన్న చెప్పినట్టే తలుపులోంచి వెలుతురు ఇద్దరి మీదా పడుతోంది. రోజారాణి స్విచ్ నొక్కింది.

కెమెరా ఆన్ కాలేదు.

మళ్ళీ నొక్కింది. ఒకటో నంబరు తీసి రెండో నంబరు పెట్టింది. అదీ అంతే. బ్యాటరీ బయటికి తీసి చూస్తే వేలికి జిడ్డు అంటింది. రాగి రేకులు ఉండే గాడుల నిండా పసుపుపచ్చటి చిక్కటి గ్రీజు. తండ్రి 'సాఫ్ చేసి పెట్టిన' అన్నది ఇదీ! లాంప్‌రూంలో బ్యాటరీ మొనలకు చిలుము పట్టకుండా గ్రీజు పూస్తారు. ముప్పై నాలుగేళ్ళు పూసిన చెయ్యి, ప్రేమగా, ఒక్క గాడి కూడా వదలకుండా ఇక్కడా పూసింది. దాని మీద దారిలో దుమ్ము చేరి ముద్దయింది.

"ఏంది రోజా, లేస్తలేదా?"

తల ఎత్తి చూసింది. మెడలో రెండు కెమెరాలతో ప్రేమ్‌సాగర్. పెళ్ళికొడుకువాళ్ళు మాట్లాడుకున్న ఫొటోగ్రాఫర్ ఎవరో అప్పుడు తెలిసింది. అతను వంగి ఆమె చేతిలోని బ్యాటరీ చూశాడు. పెద్దగా నవ్వాడు.

"గ్రీజా! ఎవరు రాసిండ్రు గిది?"

వాకిట్లో నలుగురైదుగురు ఇటే చూస్తున్నారు. నడుముకు తండ్రి బెల్టు ఉంది.

"నేనే రాసిన," అంది రోజారాణి.

ప్రేమ్‌సాగర్ నవ్వు ఆపి, ఒక కెమెరా మెడలోంచి తీశాడు. "ఇగో, ఇది తీస్కో. నీ ఫ్రెండ్ కదా, బాగా తియ్యి. ఫొటోల మీద స్టూడియో పేరుంటది, గంతే. సోమవారం నుంచి మళ్ళ డ్యూటీకి రా."

మాట మర్యాదగానే ఉంది. తీసుకుంటే ఈ గండం గడుస్తుంది. సువర్ణ తల్లి చెంబు పట్టుకుని ఎదురుచూస్తోంది.

"వద్దు సార్," అంది రోజారాణి. లోపలికి తిరిగి, "అత్తా, జర ఇప్పసారా ఇయ్యి. దూది ఉందా?" అని అడిగింది.

పెళ్ళింట్లో ఇప్పసారాకు కరువా? సువర్ణ మేనత్త గిన్నెలో పోసి ఇచ్చింది. ఫొటోలు తీసే పిల్లకు పొద్దున్నే ఈ అలవాటేంటని చూసింది కూడా. రోజారాణి అగ్గిపుల్లకు దూది చుట్టి సారాలో ముంచి, కెమెరా లోపలి రేకులు తుడిచింది. అవి నాలుగే, తొందరగా తేలాయి. బ్యాటరీల గాడులు మాత్రం సన్నం, గ్రీజు లోపలిదాకా పోయింది. అంత టైము లేదు. అప్పుడు గుర్తొచ్చింది. తండ్రి పారేయమన్నది, అంకె వేయనిది, గ్రీజు పూయనిది ఒకటి బ్యాగు అడుగున ఉంది.

తీసింది. నెట్టింది. కాస్త బిగుతుగా వెళ్ళింది. స్విచ్ నొక్కగానే కెమెరా వెలిగింది.

ఇక ఆమె ఎవరినీ చూడలేదు. నీళ్ళు పోస్తున్న తల్లి చేతిని తీసింది. వంగిన వీపును తీసింది. కూతురి పాదాల మీద ఆగిపోయిన తల్లి వేళ్ళను, ఏడవకూడదని బిగపట్టిన సువర్ణ పెదవులను తీసింది. ప్రేమ్‌సాగర్ వాకిట్లో డోళ్ళను తీస్తున్నాడు. రోజారాణి వచ్చిన పని జరుగుతోంది. ఈలోపు మేనత్త పిన్నీసుకు దూది చుట్టుకుని, బ్యాటరీల గాడులు అద్దంలా చేసి తెచ్చి పెట్టింది.

సరిగ్గా అప్పుడే బ్యాటరీ అయిపోతోందని కెమెరా తెర మూల ఎర్రగీత మెరవడం మొదలైంది. సువర్ణ గడప దాటడానికి కుడికాలు ఎత్తబోతోంది. ఫరవాలేదు, ఒకటో నంబరు తయారుగా ఉంది. రోజారాణి అడుగు మూత తెరిచి పాత బ్యాటరీని పట్టుకుని లాగింది.

రాలేదు. కెమెరా తిప్పి అరచేత్తో తట్టింది. గోరు దూర్చి లాగింది, గోరు విరిగింది. మూత వేసి స్విచ్ నొక్కితే ఆ ఎర్రగీత కూడా వెలగలేదు. జీపు మీద ఎండకు కాలి ఇంకా ఉబ్బిన బ్యాటరీ లోపల గోడలకు బిగుసుకుని కూర్చుంది. లోపలికి పోతది గని బయటికి రాదని వీరన్న షాపులో చెప్పిన మనిషి ఇక్కడికి నూరు కిలోమీటర్ల అవతల ఉన్నాడు. ప్రేమ్‌సాగర్ డోళ్ళు వదిలి ఇటే వస్తున్నాడు.

గ్రీజు తను రాయలేదు. ఈ బ్యాటరీ మాత్రం తనే పెట్టింది.